నూరు క్యాన్ల నక్షత్రం

కర్నూలు పక్కన కల్లూరులో బెలూన్ల హనుమేష్ ఎవరో తెలియనోడు ఉన్నాడంటే వాడు ఇంకా పుట్టలేదని అర్థం. ఈ మాట ఎవరన్నారని అడగొద్దు, హనుమేషే అన్నాడు. పుట్టినరోజు కానీ, పంచెకట్టు కానీ, కొత్త సెల్‌ఫోన్ల షాపు కానీ, వాకిట్లో బెలూన్ల కమాను నిలబడిందంటే అది అతను కట్టిందే. బనగానపల్లెలో ఒక పెండ్లికి మామిడిపండ్ల రంగులో బెలూన్ల తోరణం కడితే, చిలకలు గుంపుగా వచ్చి పొడిచినాయంట. ఆ చప్పుడుకు అదిరిపడి పెండ్లికొడుకు మూడు ముళ్ళకు బదులు ఆరు వేసినాడంట. "అందుకే ఆ సంసారం అంత గట్టిగా ఉండాది" అంటాడు. మంగంపేట గనుల కాడ బెలూన్లు కట్టేటప్పుడు గుత్తి పట్టుకున్న సూపర్‌వైజర్ గాల్లోకి లేచినాడనేది ఇంకో కథ. ఎంత ఎత్తు లేచినాడప్పా అంటే, జానెడే అంటాడు. జేబుల నిండా ముగ్గురాళ్ళు ఉన్నాయి కాబట్టి ఆగినాడంట, లేకపోతే కడపలో దిగేవాడంట.

ఇట్లాంటి మనిషి చెప్పే మాటల్లో పన్నెండణాలు గాలే. మిగిలిన నాలుగణాల్లో ఒక్కటి మాత్రం అచ్చమైన నిజం. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు వదిలేసిన హనుమేష్‌కు, ఒక సంచిలో ఎంత గ్యాస్ పడుతుందో చెప్తే అందులో ఎన్ని అణువులుంటాయో లెక్క కట్టడం వచ్చు. అణువులు చెప్తే లీటర్లు చెప్తాడు. బెలూన్లు కొనడానికి వచ్చినవాళ్ళు అడక్కపోయినా చెప్తాడు. భార్య శివలీల ఆ లెక్క విని విని, కూర తిరగమోత పెడుతూ కూడా "ఆరు పాయింట్ సున్నా రెండు రెండు" అని గొణిగేంత వరకు వచ్చింది.

ఆ లెక్క ఏసన్న సార్ పెట్టిన భిక్ష.

హనుమేష్ వాళ్ళది ఆస్పరి పక్కన పల్లె. ఉల్లిగడ్డ బాగా పండి, ఎప్పుడూ లేనట్టు ధర కూడా పలికిన ఏడాది, నాయన బొజ్జన్న మురిసిపోయి కొడుకును కర్నూలు కాలేజీలో వేసినాడు. పాతబస్తీలో ఒక టిన్ను డబ్బాలు అతికే అంగడి, దాని మీద మిద్దెలో ఒక రూము. అదే ఏసన్న సార్ ట్యూషన్. కింద రేకు కొడుతుంటే పైన సార్ సుత్తి దెబ్బల నడుమ చోటు చూసుకొని మాట్లాడేవాడు. అలవాటు పడిన పిల్లలకు కింద అంగడికి సెలవైన రోజు పాఠం ఎక్కేది కాదు. సార్ బక్కగా, గుడిసెను మోసే నిట్రాట మాదిరి నిలువుగా ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను బదులు సుద్దముక్క. పత్తికొండ దాటినాక ఏదో పల్లె ఆయనది, చిన్నప్పటినుంచి చర్చిలో పాటలు పాడిన గొంతు. వాళ్ళ నాయన రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసి డోన్‌లో రిటైరైనాడు. అందుకే సార్ ఏ సంగతి మొదలుపెట్టినా అది ఎట్లో ఒకట్ల రైలెక్కేది.

ఆ సాయంత్రం ఇప్పటికీ హనుమేష్ కళ్ళముందే ఉండాది. సార్ ఒక నీళ్ళ క్యాన్ తెచ్చి బల్ల మీద బోర్లించినాడు. ఇరవై లీటర్ల క్యాన్, చుక్క నీళ్ళు లేవు. ఇది ఖాళీనా అని అడిగితే అందరూ ఖాళీనే అన్నారు. గాలి మీ నాయన మింగినాడా అన్నాడు సార్. అయితే ఈ గాలిలో అణువులు ఎన్నుంటాయో చెప్పమన్నాడు. ఒకడు లక్ష అన్నాడు. ఇంకొకడు కోటి అన్నాడు. హనుమేష్ లేచి, చేతులు రెండూ చాపి, కోటి కోట్లన్నాడు. తన జన్మలో అంతకంటే పెద్ద అబద్ధం ఆడలేనని అతని నమ్మకం.

సార్ అతన్ని కిందికీ పైకీ చూసి, "పిసినారోడా" అన్నాడు.

తర్వాత బోర్డు మీద కర్నూలు అని ఒక మూల, నంద్యాల అని ఒక మూల రాసినాడు. రైల్లో పోవాలంటే ఎట్ల పోతారని అడిగినాడు. డోన్‌లో దిగి బండి మారతామని పిల్లలు చెప్పినారు. లీటర్ల ఊరి నుంచి అణువుల ఊరికి కూడా నేరుగా బండి లేదన్నాడు సార్. నడుమ మోల్ అనే జంక్షన్ ఉండాది, ఎవడైనా ఆడ దిగాల్సిందే. లీటర్ల నుంచి మోల్‌కు ఒక టికెట్టు: ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లకు ఒక మోల్. మోల్ నుంచి అణువులకు ఇంకో టికెట్టు: ఒక మోల్‌కు 6.022 × 10²³ అణువులు. అంటే ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలనుకోండి, చిల్లర తర్వాత చూసుకుందామన్నాడు.

అన్నిటికంటే హనుమేష్‌కు నచ్చింది టికెట్టు రాసే పద్ధతి. ఎక్కిన ఊరు గీత కింద, దిగే ఊరు గీత పైన. సార్ ఇట్ల రాసినాడు:

20 లీటర్లు × (1 మోల్ / 22.4 లీటర్లు) × (6.022 × 10²³ అణువులు / 1 మోల్)

పైన లీటర్లు, కింద లీటర్లు, రెండిటినీ ఎర్ర సుద్దతో కొట్టేసినాడు. పైన మోల్, కింద మోల్, వాటినీ కొట్టేసినాడు. మిగిలింది అణువులు. అంకెలు చూసి భయపడొద్దని, అంకె పక్కన ఉండే ఊరి పేరు చూడమని చెప్పినాడు. ఊర్లు సరిగ్గా కొట్టుకుపోతే అంకెలు వాటంతటవే దారిలోకి వస్తాయి. టికెట్టు తలకిందులుగా పట్టుకుంటే లీటర్లు కొట్టుకుపోవు, లీటర్ల మీద లీటర్లు ఎక్కి కూర్చుంటాయి. అట్లయితే నువ్వు డోన్‌లో దిగకుండా నిద్రపోయి గుంతకల్లు పోయినట్టు, ఆడ ఉప్మా తిని తిరుగు బండి ఎక్కు అన్నాడు.

లెక్క తేలింది. కోటిని కోటితో హెచ్చవేసి, మళ్ళీ కోటితో హెచ్చవేసి, దానికి ఇంకా ఇంచుమించు ఐదొందల నలభై రెట్లు. ఒక్క ఖాళీ క్యాన్‌లో. హనుమేష్ ఆ సున్నాలను వేళ్ళ మీద మళ్ళీ లెక్కబెట్టుకున్నాడు. తన గొప్పలన్నిటికంటే పెద్ద గొప్ప ఒకటి ఈ లోకంలో ఉండాది, పైగా అది నిజం. చిన్నప్పటినుంచి ఊర్లో వాళ్ళు కోతలరాయుడని అంటే కుమిలిపోయేవాడు. ఆ పొద్దు మాత్రం, దేవుడు తనకంటే పెద్ద కోతలరాయుడని సంబరపడినాడు.

పోయేముందు సార్, ఈ ఇరవై రెండు పాయింట్ నాలుగుకు ఒక షరతుండాది, రేపటినుంచి వచ్చే సెలవులు అయినాక చెప్తానన్నాడు.

సెలవులు అయిపోకముందే వరద వచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడిన ఏడాది అది. హనుమేష్ ఖాళీ గ్యాస్ సిలిండర్ పట్టుకొని కొండారెడ్డి బురుజు దాకా ఈదినానని, నడుమలో ఒక ఎనుముకు లిఫ్టు ఇచ్చినానని చెప్తాడు గానీ, నిజానికి బంధువుల మిద్దె మీద గోనెపట్ట కప్పుకొని వణుకుతూ కూర్చున్నాడు. నీళ్ళు తీసినాక ఊరంతా బురద. పాతబస్తీలో ఇండ్ల నుంచి బురద ఎత్తిపోసే పనికి పోయినాడు. అక్కడే ఒక షామియానాల ఆసామి తడిసిన గుడ్డలు ఆరేయడానికి పిలిచినాడు. గుడ్డలు ఆరినాయి, హనుమేష్ మాత్రం ఆడే ఉండిపోయినాడు. షామియానాల తర్వాత లైట్లు, లైట్ల తర్వాత బెలూన్లు. సార్ ట్యూషన్ వేరే వీధికి మారిందని విన్నాడు. ఒకసారి ఆ వీధి మొదట్లో దాకా పోయి, లోపల పిల్లలు వల్లెవేసే గొంతులు విని, ఊరకే నిలబడి, వెనక్కి తిరిగినాడు. చేతుల నిండా షామియానా గుడ్డల రంగు అంటుకొని ఉండింది. ఆ చేతులతో బల్ల మీద ఎట్ల కూర్చునేది అనుకున్నాడు.

ఇన్నేళ్ళకు ఈ వేసవి మొదట్లో ఫోన్ వచ్చింది. పాటలు పాడిన గొంతు, కొంచెం వణుకుతా ఉండాది.

"హనుమేషా, నేను ఏసన్నను. ఒక నక్షత్రాన్ని ఆకాశంలో నిలబెట్టాల. నీతో అవుతాదా?"

ఇద్దరు మనుషులు కూర్చొని ఊగేంత నక్షత్రం చేస్తానని, దాన్ని ఆదోనిలో ఉండేవాళ్ళు మేడ ఎక్కకుండా చూస్తారని హనుమేష్ అప్పటికప్పుడే చెప్పేసినాడు. సార్ నవ్వి, అసలు సంగతి నిదానంగా చెప్పినాడు. వాళ్ళ ఊరి చర్చికి నూరేండ్లు నిండుతాయి. సార్ నాయనమ్మ తలమీద రాళ్ళు మోసి కట్టిన చర్చి. సంఘం వాళ్ళు రాత్రి సీరియల్ లైట్లు వేద్దామంటున్నారు. సార్‌కేమో కండ్లల్లో నీటికాసులు. చూపు పోయింది పోయినట్టే, ఉండేది కూడా ఏడాది నిలిచేది కష్టమని డాక్టర్ చెప్పినాడు. రాత్రి దీపాలు ఆయనకు అన్నీ ఒకటే మసక. పగటిపూట ఆకాశం మీద మెరిసేది ఏదైనా పెద్దది ఉంటే పోల్చుకోగలడు. ఆ ఒక్కటీ చూసి చాలిస్తా అన్నాడు.

ఫోన్ పెట్టేసినాక హనుమేష్ ఆ పొద్దు వచ్చిన గిరాకీకి ఒక్క కోత కూడా కోయకుండా బెలూన్లు కట్టిచ్చినాడు. శివలీల వచ్చి నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

నక్షత్రానికి రంగు దొరకడమే పెద్ద యుద్ధమైంది. ఎరుపంటే ఒక పార్టీ అంటారు, నీలమంటే ఇంకొకటి, పసుపంటే ఇంకొకటి, ఆకుపచ్చ, కాషాయం సంగతి చెప్పనక్కర్లేదు. దేవుడు చేసిన రంగులన్నిటినీ పార్టీలు పంచుకొని పోయినాక వెండి రంగు ఒక్కటే మిగిలింది. ఎండకు మెరిసేది కూడా అదే. కల్లూరులో ప్లాస్టిక్ కవర్లు అతికే కార్ఖానా వాళ్ళు కొలత కట్టి, సరిగ్గా రెండు వేల లీటర్లు పట్టే నక్షత్రం చేసిచ్చినారు. నూరేండ్లకు నూరు క్యాన్లు. ఆ మాట సార్‌కు చెప్పాలని హనుమేష్ నాలుక దురద పెట్టింది.

గ్యాస్ లెక్క మాత్రం అతను ఎవరినీ ముట్టనీయలేదు. అలవాటు ప్రకారమైతే బెలూన్ నింపేది వేలితో నొక్కి చూసే. ఈసారి అట్ల కాదు, సార్ నక్షత్రాన్ని సార్ లెక్కతోనే నింపాలని పట్టుబట్టినాడు. రెండు వేల లీటర్లు డోన్‌లో దిగితే ఎనభై తొమ్మిది మోల్స్. హీలియం ఒంటరిగాడు, జత లేకుండా తిరుగుతాడు, మోల్‌కు నాలుగు గ్రాములే తూగుతాడు. మొత్తం మూడు వందల యాభై ఆరు గ్రాములు. గ్యాస్ అంగడికి పోయి చిన్న సిలిండర్‌లో ఖచ్చితంగా అంతే తూచి నింపమన్నాడు. గ్యాస్‌ను బంగారం మాదిరి గ్రాముల్లో అడిగే తిక్కలోడిని ఇప్పుడే చూస్తాండామని వాళ్ళు నవ్వినారు. నింపేముందు ఒకసారి, నింపినాక ఒకసారి తూకం వేసి ఇచ్చినారు.

పండుగ నాడు పొద్దున్నే చర్చి వెనక నీడలో పని మొదలైంది. ఏసన్న సార్‌ను కుర్చీలో తెచ్చి పక్కన కూర్చోబెట్టినారు. జుట్టు ముగ్గుబుట్ట, నిట్రాట కొంచెం వంగింది. హనుమేష్ కాళ్ళకు మొక్కితే, సార్ అతని చెయ్యి పట్టుకొని అరచేతిని తడిమి చూసినాడు. ఆ చెయ్యి వదల్లేదు. నూరు క్యాన్ల సంగతి వినిపిస్తే చిన్నపిల్లోని మాదిరి నవ్వి, అణువులెన్ని అని అడిగినాడు. క్యాన్ లెక్కకు రెండు సున్నాలు తగిలించి హనుమేష్ గడగడా అప్పజెప్పినాడు. చుట్టూ ఉండే జనం ఏమర్థమైందో ఏమో గానీ చప్పట్లు కొట్టినారు.

సిలిండర్ తిప్పినాడు. వెండి ప్లాస్టిక్ కదిలింది, లేచింది, అయిదు కొమ్ములూ విచ్చుకున్నాయి. సిలిండర్‌లో ఇంకా కొంత గ్యాస్ ఉండగానే నక్షత్రం నిండుకుంది. శివలీల వేలితో నొక్కి చూసింది.

"చాలప్పా. ఎండాకాలం, వదులుగా ఉండనీ."

"ఏమ్మే, ఇది నీ వేలి లెక్క కాదు. సార్ లెక్క. ఎనభై తొమ్మిది మోల్సంటే ఎనభై తొమ్మిదే."

కల్లూరులో అయితే అతనే ఎండాకాలం బెలూన్ ముప్పావే నింపమని పనివాళ్ళను తిట్టేవాడు. ఈడ సార్ ముందర, సార్ నేర్పిన లెక్క మీద, వేలు పెట్టి అనుమానించడానికి మనసొప్పలేదు. సిలిండర్ అడుగంటా ఊడ్చి నింపినాడు. నక్షత్రం తప్పెట మాదిరి బిగుసుకుంది. అతుకుల కాడ వెండి రంగు తెల్లబడింది. కొమ్ము మొనలో సన్నగా టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది.  ఇంకా నీడలోనే ఉండారు, పొద్దు ఇప్పుడిప్పుడే చర్చి గోడ ఎక్కుతాండాది. ఇది చిరిగితే ఇంకో నక్షత్రం లేదు. సార్‌కు ఇంకో ఏడాదీ లేదు.

సార్ చెయ్యి చాపి నక్షత్రాన్ని తడిమినాడు. గోటితో మీటినాడు. దానికి చెవి ఆనించి విన్నాడు.

"మోల్‌కు ఎన్ని లీటర్లు వేసుకున్నావురా?"

"ఇరవై రెండు పాయింట్ నాలుగు సార్. మీరు చెప్పిందే."

"అది సున్నా డిగ్రీల కాడ. పత్తికొండలో సున్నా డిగ్రీలు యాడ చూసినావురా, మీ అవ్వ చూసిందా?"

 

సార్ జేబు తడుముకున్నాడు. సుద్దముక్క లేదు. వంటల కాడ నుంచి ఒక బొగ్గు తెప్పించి హనుమేష్ చేతికిచ్చి, ఆ సెలవుల తర్వాత మిగిలిన పిల్లలకు నేను చెప్పిన పాఠం ఇదే, ఇప్పుడు నువ్వు రాయి అన్నాడు. చర్చి వెనక గోడే బోర్డు. బయట సంఘమంతా పాటకు సిద్ధంగా నిలబడి ఉంటే, వెనక ఒక్కగానొక్క పిల్లోనికి ట్యూషన్ మొదలైంది. వేడెక్కితే గాలి ఒళ్ళు విరుచుకుంటాది, అవే అణువులకు ఎక్కువ చోటు కావాల. సున్నా డిగ్రీలంటే గాలి లెక్కలో రెండు వందల డెబ్బై మూడు. ఈ పొద్దు మధ్యాహ్నానికి నలభై మూడు, రెండూ కలిపితే మూడు వందల పదహారు. ఇరవై రెండు పాయింట్ నాలుగును మూడు వందల పదహారుతో హెచ్చవేసి రెండు వందల డెబ్బై మూడుతో భాగిస్తే, మోల్‌కు ఇంచుమించు ఇరవై ఆరు లీటర్లు. హనుమేష్ డిగ్రీల ఊర్లు పైనా కిందా రాసి తనంతట తానే కొట్టేసినాడు. టికెట్టు తలకిందులు కాలేదు.

రెండు వేల లీటర్లను ఇరవై ఆరుతో భాగించినాడు. డెబ్బై ఏడు.

"అంటే పన్నెండు మోల్స్ దింపెయ్యాల సార్."

"ప్లాస్టిక్ ఎండకు ఇంకా కాగుతాది. ఇంకో నాలుగు దించు."

మూతి ముడి కొంచెం వదిలి, బెలూన్‌కు ఎన్ని లీటర్లో ఎరిగిన హనుమేష్ లెక్క చెప్తుంటే, వచ్చే గ్యాస్‌ను వచ్చినట్టే చిన్న బెలూన్లలోకి పట్టినారు. ఆ ఊరి పిల్లలందరి చేతుల్లోకీ తలా ఒక బెలూన్ వచ్చింది. సంఘ పెద్ద ఏసుమణి పెద్దమనిషి తీరుగా దగ్గరకొచ్చి చూద్దామని ముడి కాడికి వంగినాడు. గ్యాస్ గొంతులోకి పోయి, "ఏమప్పా ఆలస్యం" అన్న మాట ఎలుకపిల్ల గొంతుతో బయటికొచ్చింది. నలభై ఏండ్లుగా ఆయన గర్జనకు అదిరిన సంఘం ఆ పొద్దు కడుపుబ్బ నవ్వింది. ఆయన గొంతు నిమిషంలో సర్దుకుంది, కోపం మాత్రం సర్దుకోలేదు. నక్షత్రాన్ని చూసేసరికి అది ఇంకా పెరిగింది. కొమ్ములు వాలిపోయి, ముడతలు పడి, సంతలో మిగిలిపోయిన వంకాయ మాదిరి ఉండాది మరి. నూరేండ్ల పండుగకు దీన్ని ఎగరేస్తే పక్క ఊరోళ్ళు నవ్వుతారు, మళ్ళీ నింపమన్నాడు.

హనుమేష్ బతుకంతా చూడ్డానికి నిండుగా ఉండేదే కట్టినాడు. ఇట్ల ముడతలు పడినదాన్ని జనం ముందర పెట్టింది ఎప్పుడూ లేదు. సిలిండర్ వైపు చూసినాడు, అది ఖాళీ. గోడ మీద బొగ్గు లెక్క చూసినాడు. శివలీల వైపు చూస్తే, ఆమె నక్షత్రాన్ని వేలితో నొక్కి తల ఊపింది.

"ఎండలో పడనీ అన్నా, అదే సర్దుకుంటాది" అని ఏసుమణికి చెప్పి, నక్షత్రాన్ని నీడలోంచి బయటికి నడిపించుకొచ్చినాడు.

జనం నిజంగానే కిసుక్కుమన్నారు. పాట ఎత్తుకున్నారు. హనుమేష్ నైలాన్ దారం కొంచెం కొంచెంగా వదిలినాడు. ముడతల నక్షత్రం ముసలామె మెట్లెక్కినట్టు ఒక పక్కకు ఒరుగుతూ లేచింది. చర్చి కప్పు దాటింది. గంట దాటింది. ఎండ దాని మీద నిండుగా పడింది. మొదటి చరణం అయ్యేలోపల పైకొమ్ము నిక్కింది. తర్వాత పక్క కొమ్ములు. ఎవరో ఇస్త్రీ చేస్తున్నట్టు ముడతలు ఒక్కొక్కటే పోయినాయి. పాడేవాళ్ళు పాడుతూనే తలలు పైకెత్తినారు. నక్షత్రం నిండుగా, పగిలే బిగువు లేకుండా, ఎండలో తళతళమని నిలబడింది. ఏసుమణి ఇప్పుడు పాటను అందరికంటే పెద్దగా పాడుతాండాడు.

సార్ కుర్చీలో మెడ వెనక్కి వాల్చి ఆకాశంలో వెతుకుతాండాడు. హనుమేష్ దారం ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చేత్తో ఆయన గడ్డం పట్టుకొని మెల్లగా తిప్పినాడు. కొంచెం కుడికి. ఇంకొంచెం. సార్ రెప్పలు ఆగినాయి. మొహం మీద వెండి వెలుగు పడిందో, లోపలినుంచే వచ్చిందో గానీ, పాతబస్తీ మిద్దె మీద ఎర్ర సుద్దతో లీటర్లు కొట్టేసినప్పుడు ఉండే మొహం అది. శానాసేపు అట్లే చూసినాడు. కండ్లల్లోంచి నీళ్ళు చెంపల మీదికి కారి చెవుల్లోకి పోతుంటే తుడుచుకోలేదు.

"ఎంత ఎత్తుండాదిరా?"

ఆదోని, గుంతకల్లు, మబ్బుల్లో విమానం, అన్నీ హనుమేష్ నాలుక చివరి దాకా వచ్చినాయి.

"చర్చి గంటకు రెండింతలు సార్. అంతే."

"అంతేనా" అన్నాడు సార్, కన్ను తిప్పకుండా. "దారం ఇంకుండాదా?"

"ఉండాది సార్."

"వదులు."